అన్నం తగ్గించి షుగర్‌ను అదుపులో పెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి షుగర్ ఉందని తేలగానే మొదట తగాదా వచ్చేది అన్నం దగ్గరే. మానేయమని ఒకరు, చపాతీలు తినమని ఇంకొకరు, కొర్రలు వండుకోమని మరొకరు చెబుతారు కానీ, ఏది తిన్నా ఎంత తినాలో చెప్పేవారు అరుదు. అవే సందేహాలు పదే పదే వస్తున్నందున వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాను. ఇది టైప్ 2 మధుమేహం ఉన్న పెద్దవారిని, దాని ముందు దశలో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని రాసినది. ఆహారానికి సంబంధించిన అంకెలన్నీ సుమారు లెక్కలే. ఏ ప్రశ్నతోనైనా చదవడం మొదలుపెట్టవచ్చు.

## మొదలుపెట్టే ముందు

పిండి పదార్థాలు (కార్బోహైడ్రేట్లు) తగ్గించడమంటే రోజుకు ఎన్ని గ్రాములు?

రోజుకు 130 గ్రాముల లోపు తీసుకుంటే తక్కువ పిండి ఆహారమనీ, 20 నుంచి 50 గ్రాముల మధ్య ఉంటే అతి తక్కువ పిండి ఆహారమనీ వైద్యులు సాధారణంగా లెక్కిస్తారు. జనం కీటో అనేది ఈ రెండవదానినే. మన దేశంలో సగటు మనిషి తినే శక్తిలో దాదాపు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన ఇండియాబ్ అనే మధుమేహ సర్వే చెబుతోంది. రోజుకు 1,800 కేలరీలు తినే వ్యక్తికి అది దాదాపు 280 గ్రాములు, అంటే 130కి రావాలంటే సగానికి పైగా తగ్గించాలన్న మాట. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు, ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించవద్దని ఆరోగ్యవంతులకు కూడా చెప్పాయి. నా మట్టుకు నేను, మొదటి మజిలీని 150 గ్రాముల దగ్గర పెట్టుకొని మూడు నెలలు నిలబెట్టుకున్నాకే ఇంకా తగ్గించాలా అని ఆలోచించమంటాను. నలభై రోజులు 30 గ్రాములతో గడిపి, నలభై ఒకటో రోజున పాత కంచం ముందు కూర్చున్నవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు.

మా తాతగారు మూడు పూటలా అన్నమే తిన్నారు. ఆయనకు రాని షుగర్ నాకెందుకు వచ్చింది?

ఆయన అన్నం తిని పొలానికి వెళ్ళారు, మనం తిని కుర్చీలో కూర్చుంటున్నాము. కండరాలు పనిచేస్తున్నంతసేపూ రక్తంలోని గ్లూకోజును లాక్కుంటూనే ఉంటాయి. పని లేనప్పుడు మిగిలినది కాలేయంలో, పొట్ట చుట్టూ కొవ్వుగా చేరి ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు. దక్షిణాసియా వారిలో ఈ కొవ్వు తక్కువ బరువు దగ్గరే చేరడం మొదలవుతుంది. అందుకే మనకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 23 దాటగానే అధిక బరువుగా లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. అదీగాక, తాతగారికి షుగర్ లేదని పరీక్ష చేయించి చెప్పినవారెవరో కూడా ఒకసారి కనుక్కోవాలి.

నాకు నిజంగా షుగర్ ఉన్నట్టా, ముందు దశలో ఉన్నట్టా?

పరగడుపున 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 వరకు ముందు దశ, 126 లేదా అంతకు మించితే మధుమేహం. రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ 5.7 శాతం లోపు ఉంటే మామూలు, 5.7 నుంచి 6.4 వరకు ముందు దశ, 6.5 నుంచి మధుమేహం. లక్షణాలేవీ లేనివారికి ఒక్క పరీక్షతో తేల్చరు, రెండవ పరీక్షతో నిర్ధారించుకుంటారు. ఇక్కడొక చిక్కు ఉంది. కొన్ని వారాలుగా అన్నం బాగా తగ్గించి ఉన్నవారు 75 గ్రాముల గ్లూకోజు తాగే పరీక్షకు వెళితే, అలవాటు తప్పిన శరీరం ఎక్కువ అంకె చూపించవచ్చు. ఆ పరీక్షకు ముందు మూడు రోజులు రోజుకు కనీసం 150 గ్రాముల పిండి పదార్థాలు తిని వెళ్ళాలి.

సొంతంగా మొదలుపెట్టకూడనివారు ఎవరు?

ఇన్సులిన్ మీద ఉన్నవారు, టైప్ 1 మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఒకప్పుడు తిండి మానేసే మానసిక సమస్యలతో బాధపడినవారు డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఈ పని చేయకూడదు. ఏ కారణమూ లేకుండా బరువు తగ్గుతున్నవారు ముందు దాని కారణం తెలుసుకోవాలి. శరీరంలో ఇన్సులిన్ బాగా తక్కువగా ఉండి, అది టైప్ 2 కాకుండా వేరొకటి అయ్యే అవకాశం ఉంటుంది. సీ-పెప్టైడ్ అనే రక్తపరీక్ష ఆ విషయంలో దారి చూపుతుంది.

ముందుగా ఏ పరీక్షలు చేయించుకోవాలి?

హెచ్‌బీఏ1సీ, మూత్రపిండాల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలోని కొవ్వుల కోసం లిపిడ్ ప్రొఫైల్, కాలేయ పరీక్ష చేయించి కాగితాలు దాచుకుంటే మూడు నెలల తరువాత పోల్చుకోవడానికి పనికివస్తాయి. వీటన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది కంటి పరీక్ష. ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగితే, రెటీనా అప్పటికే దెబ్బతిని ఉన్నవారిలో కొంతకాలం ఆ సమస్య ముదరవచ్చు. అందువల్ల హెచ్‌బీఏ1సీ 10, 11 ఉన్నవారు కంటి డాక్టరుకు చూపించుకున్నాకే కంచం మార్చాలి.

షుగర్ మాత్రలు వేసుకుంటూనే అన్నం తగ్గించవచ్చా?

మాత్రను బట్టి ఉంటుంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉన్నవారు ఇది చదవాలి.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంజెక్షన్లు మీరు తిన్నారా లేదా అని చూడవు; వాటి పని అవి చేసుకుపోతాయి. పాత మోతాదు పాత అన్నానికి సరిపడా ఇచ్చినది కనుక, అన్నం సగం చేసి మాత్ర అలాగే వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చాలామందికి తాము గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నామని కూడా తెలియదు, ఎందుకంటే అది మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా వస్తుంది. చాలా బ్రాండ్లలో పేరు చివర ఉండే 1 లేదా 2 అనే అంకె గ్లిమెపిరైడ్ మిల్లీగ్రాములనే సూచిస్తుంది. అట్ట వెనుక చిన్న అక్షరాలలో ఉన్న మందు పేర్లు చదివి, డాక్టరుతో మాట్లాడి, మోతాదు తగ్గించుకొనే మొదలుపెట్టాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలతో వేరే ప్రమాదం ఉంది. పేటెంట్లు ముగిసి మొదటిది 2020 తరువాత, రెండవది 2025 తరువాత చవకగా దొరుకుతున్నందున ఇవి ఇప్పుడు చాలా ఇళ్ళలో కనిపిస్తున్నాయి. ఇవి వేసుకుంటూ పిండి పదార్థాలు మరీ తగ్గించినా, పస్తులున్నా రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు. అప్పుడు మీటరులో షుగర్ 180, 200 మాత్రమే చూపించి మోసం చేస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే షుగర్ పెద్దగా లేదని ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఒక్క మెట్‌ఫార్మిన్ మీద, లేదా సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ వంటివాటి మీద ఉన్నవారికి షుగర్ పడిపోయే భయం చాలా తక్కువ. బీపీ మాత్రల సంగతి కూడా చూసుకోవాలి. పిండి తగ్గితే శరీరం ఉప్పును, నీటిని బయటకు పంపుతుంది, బీపీ దిగుతుంది. మంచం మీద నుంచి లేచేటప్పుడు కళ్ళు తిరిగితే ముందు బీపీ చూడండి.

## కంచం మార్చేటప్పుడు

అన్నం పూర్తిగా మానేయాలా?

అక్కరలేదు, కానీ కొలవాలి. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాములు పిండి పదార్థమే. రైస్ కుక్కరుతో ఇచ్చే కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది; దానిని ఇద్దరు ఒక పూటలో పంచుకుంటే మనిషికి 58 గ్రాముల పిండి చేరుతుంది. వండిన అన్నమైతే వంద గ్రాములకు 28 గ్రాములు. మనవాళ్ళు “కొంచెమే పెట్టుకున్నాను” అనే అన్నాన్ని తూకం వేస్తే 300 గ్రాములు దాటడం మామూలే, అంటే 84 గ్రాముల పిండి. ఒక వారం పాటు వంటింటి తూకం వాడితే ఇక జీవితమంతా కంటితోనే అంచనా వేయగలుగుతారు. పూటకు 100 గ్రాముల అన్నం, అంటే ఒక చిన్న కప్పు, చాలామందికి సర్దుకునే కొలత.

తూకం కంటే కష్టమైనది అలవాటు. మన భోజనంలో అన్నం బండి వంటిది. పప్పు, కూర, పులుసు, పెరుగు అన్నీ దాని మీదే ఎక్కి వస్తాయి. నాలుగింటికీ అన్నం కలుపుకుంటే ఎవరు కొలిచినా లెక్క తప్పుతుంది. కూరను ముందు విడిగా గిన్నెలో పెట్టుకొని సగం కడుపు నిండేదాకా తిని, తరువాత పప్పుతోనో పులుసుతోనో ఒక్కసారి మాత్రమే అన్నం కలుపుకోవాలి; చివర అన్నం లేకుండా పెరుగో మజ్జిగో తీసుకోవాలి. కూరలు, ప్రొటీన్ ముందు తిని పిండి చివర తింటే భోజనం తరువాత షుగర్ తక్కువగా పెరుగుతుందని పరిశోధనలలో తేలింది కూడా. ఇలా తినాలంటే కూరలో ఉప్పూ కారమూ తగ్గించి వండాలి, ఎందుకంటే మన కూరలకు ఉప్పు వేసేది అన్నంలో కలుస్తుందన్న లెక్కతోనే.

అన్నం మానేసి రాత్రిపూట చపాతీలు తింటున్నాను. అయినా తగ్గలేదేమి?

వంద గ్రాముల గోధుమపిండిలో 64 గ్రాముల పిండి పదార్థం ఉంది. పెద్ద చపాతీలు నాలుగు తింటే పిండి 70 గ్రాములకు పైమాటే, నూనె అదనం. చపాతీ వలన లాభమేమైనా ఉంటే అది పీచు కొంచెం ఎక్కువ ఉండడం, లెక్కపెట్టుకోవడానికి వీలుగా ఉండడం. చిన్న పుల్కాలు రెండు, వాటికి రెట్టింపు కూర అనుకుంటే పనిచేస్తుంది.

చిరుధాన్యాలు ఎంత తిన్నా షుగర్ పెరగదంటారు, నిజమా?

నిజం కాదు. వంద గ్రాములలో జొన్నలకు 68, రాగులకు 67, సజ్జలకు 62 గ్రాముల పిండి పదార్థాలు ఉన్నాయి. బియ్యంతో పోలిస్తే వీటిలో పీచు మూడు నాలుగు రెట్లు ఎక్కువ, కనుక అదే కొలతకు షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది, కడుపు త్వరగా నిండుతుంది. ఒక జొన్న రొట్టె ఆకుకూరతో తినడం మంచి భోజనమే. అయితే మెత్తగా పట్టించిన రాగిపిండిని బాగా ఉడికించి జావగా తాగితే ఆ లాభం చాలావరకు పోతుంది. జావ తాగాక షుగర్ ఎగబాకిందని ఆశ్చర్యపోయేవారు చాలామంది ఉన్నారు. రాగి సంకటిలో అన్నం కూడా కలుస్తుందన్న సంగతి మరువకూడదు.

తెలంగాణ సోనా వంటి “షుగర్ బియ్యం” తింటే సరిపోతుందా?

ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకమే తెలంగాణ సోనా. దీని గ్లైసీమిక్ ఇండెక్స్ 52 దగ్గర ఉందని పరీక్షలలో తేలింది. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగుపరచిన సాంబ మసూరిది సుమారు 51. మామూలు సన్న బియ్యంతో పోలిస్తే ఇవి మేలైనవే. కానీ ఈ ఇండెక్స్ చెప్పేది పిండి రక్తంలోకి ఎంత వేగంగా చేరుతుందన్నది మాత్రమే. గ్రాముల లెక్కలో ఇదీ బియ్యమే. షుగర్ బియ్యం కదా అని మారు వడ్డించుకుంటే మామూలు బియ్యాన్ని తక్కువగా తిన్నవారికే మేలు జరుగుతుంది. పాలిష్ ఎక్కువైతే ఈ రకాలలో ఉన్న మంచి కూడా తగ్గిపోతుంది.

ఇడ్లీ, దోసె, ఉప్మా వద్దంటే పొద్దున ఏం తినాలి?

చిన్న ఇడ్లీకి 10 గ్రాముల చొప్పున నాలుగింటికి 40 గ్రాముల పిండి లెక్క. ఉప్మా, పూరీ అంతకంటే ఎక్కువే. వీటికి బదులు మన వంటింట్లోనే ఉన్నది పెసరట్టు. 60 గ్రాముల పెసలను బియ్యం కలపకుండా నానబెట్టి రుబ్బితే రెండు అట్లు వస్తాయి, వాటిలో 14 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. లోపల ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి వేసుకోవచ్చు. ఉప్మా మాత్రం పెట్టకూడదు. తినేవారికి రెండు గుడ్ల అట్టు, ఉల్లి టమాటాలతో పనీర్ పొరటు, ఉడికించిన వేరుశనగలు, సెనగల గుగ్గిళ్ళు కూడా బాగుంటాయి. ఇడ్లీ వదలలేనివారు రెండింటితో ఆపి, సాంబారులో ముక్కలు ఎక్కువ వేయించుకొని, గుడ్డో గుప్పెడు పల్లీలో చేర్చుకోవాలి. ఓట్స్ గురించి అడిగేవారికి నా జవాబు ఒకటే: అదీ ధాన్యమే.

మేము శాకాహారులం. ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుంది?

పప్పులు, పెరుగు, పనీర్, మీల్ మేకర్, పల్లీల నుంచి. మూత్రపిండాలు బాగున్న పెద్దవారికి కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము ప్రొటీన్ అనుకుంటే 60 కిలోల మనిషికి 60 గ్రాములు కావాలి. వంద గ్రాముల పనీర్‌లో 18 గ్రాములు, 30 గ్రాముల మీల్ మేకర్‌లో 15, 60 గ్రాముల పెసలలో 14, గుప్పెడు పల్లీలలో 7 గ్రాములు వస్తాయి. పప్పులలో కూడా పిండి ఉంటుందన్నది నిజమే, కందిపప్పులో సగానికి పైగా అదే. అయినా పీచుతో, ప్రొటీన్‌తో కలిసి ఉండడం వలన అది అన్నంలా ఒక్కసారిగా రక్తంలోకి దూకదు. పలుచని చారునే పప్పు అనుకోవద్దు. మనిషికి పూటకు 30 గ్రాముల పప్పయినా పడాలి.

కూరగాయలలో వేటిని లెక్కపెట్టాలి?

బంగాళాదుంప, చేమదుంప, చిలగడదుంప, కంద, కర్రపెండలం, అరటికాయలను అన్నంతో పాటు లెక్కలో వేయాలి. బీర, సొర, పొట్ల, దోస, వంకాయ, బెండ, దొండ, గోరుచిక్కుడు, క్యాబేజీ, కాలీఫ్లవర్, గోంగూర, తోటకూర, పాలకూర ఎంతైనా తినవచ్చు. కాకరకాయ మంచి కూర. మందు అనుకొని రసం తాగి మాత్రలు మానేయడం మాత్రం తప్పు. మెంతుల సంగతీ అంతే, వాటి ప్రభావం ఉన్నా అది స్వల్పం.

చక్కెర మానేసి బెల్లం, తేనె వాడుతున్నాను, పరవాలేదా?

బెల్లంలో ఖనిజాలు కొంచెం ఉంటాయి, మిగిలినదంతా దాదాపు చక్కెరే. తేనె కూడా అంతే. రోజుకు మూడుసార్లు, రెండేసి చెంచాల తీపితో టీ తాగితే 25 నుంచి 30 గ్రాముల చక్కెర చేరుతుంది, అది 100 గ్రాముల అన్నానికి సమానం. స్టీవియా, సుక్రలోజ్ షుగర్‌ను పెంచవు కానీ నాలుక తీపిని మరవకుండా చేస్తాయి. వాటితో మొదలుపెట్టి నెమ్మదిగా తగ్గించుకోవడం మేలు. “షుగర్ ఫ్రీ” అని రాసిన బిస్కెట్లలో చక్కెర లేకపోయినా మైదా ఉంటుంది.

మామిడిపండ్ల కాలంలో ఒక్క పండైనా తినకూడదా?

మోస్తరు బంగినపల్లి గుజ్జు 200 గ్రాములు తూగుతుంది, అందులో పిండి పదార్థం 30 గ్రాములు. భోజనం పైన తింటే అది అన్నం మీద అన్నం తిన్నట్టే. ఆ పూట అన్నం మానేసి, కూర, పప్పు తిన్నాక రెండు మూడు ముక్కలు తింటే మీటరు ఒప్పుకుంటుంది. రోజువారీ పండుగా దోరజామ, బొప్పాయి మంచివి. అరటి, సపోటా, సీతాఫలం, పనస తొనలు తీపి ఎక్కువైనవి. ఏ పండునైనా రసం తీస్తే అది తీపి నీళ్ళే.

పాలు, పెరుగు, మజ్జిగ తీసుకోవచ్చా?

ఒక గ్లాసు పాలలో 10 గ్రాముల పాలచక్కెర ఉంటుంది, కనుక రోజుకు ఒకటి చాలు. పెరుగు తోడుకునేటప్పుడు అందులో కొంత తగ్గుతుంది. మజ్జిగకు లెక్క అక్కరలేదు.

నెయ్యి, నూనె ఎంతైనా వేసుకోవచ్చట కదా? కొబ్బరినూనె తాగాలా?

కొన్నేళ్ళ క్రితం రెండు తెలుగు రాష్ట్రాలలో గ్లాసులతో కొబ్బరినూనె తాగే పద్ధతి ఊరూరా పాకింది. దానితో షుగర్ దిగినవారు ఉన్నారు; దిగడానికి కారణం పిండి పదార్థాలు దాదాపు మానేయడం, నూనె కాదు. నూనె తాగనవసరం లేదు. పెద్ద చెంచాడు నూనెలో 120 కేలరీలు ఉంటాయి, బరువు తగ్గవలసినవారికి అది భారమే. అన్నం తగ్గినప్పుడు ఆకలి తీరడానికి కూరలో కొంచెం ఎక్కువ నూనె, పప్పులో చెంచా నెయ్యి సరిపోతాయి. పల్లీ, నువ్వుల నూనెలు మార్చి మార్చి వాడుకోవచ్చు.

## మొదటి వారాలు

నాలుగు రోజులుగా తలనొప్పి, నీరసం, మలబద్ధకం. ఇది నాకు పడలేదా?

చాలావరకు ఉప్పు, నీరు తగ్గడం వలన వచ్చే ఇబ్బందులే ఇవి. ఉప్పు వేసిన మజ్జిగ, చారు రోజుకు రెండుసార్లు తీసుకుంటే తలనొప్పి, కాళ్ళు తిమ్మిరెక్కడం తగ్గుతాయి. బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగే ఉప్పు పెంచాలి. మలబద్ధకానికి కారణం అన్నం తగ్గించి దాని చోట కూర పెంచకపోవడం. వారం పది రోజులలో ఇవి సర్దుకోవాలి.

మీటరులో 110 ఉంది, అయినా వణుకు, చెమటలు ఎందుకు?

నెలల తరబడి 250 దగ్గర ఉన్న శరీరం 110ని కూడా తక్కువ అనుకుంటుంది. ఇది నిజమైన పతనం కాదు, రెండు మూడు వారాలలో పోతుంది. తీపి తినకుండా కొంచెం పెరుగో పల్లీలో తీసుకొని కూర్చుంటే చాలు. చూపు మసకబారడం కూడా ఈ రోజులలో మామూలే, ఎందుకంటే షుగర్ మారినప్పుడు కంటి కటకంలోని నీరు మారుతుంది. ఈలోగా కొత్త అద్దాలు చేయించుకుంటే డబ్బు దండగ. ఆరు వారాలు ఆగాలి. చూపులో నల్లని మచ్చలు, తెరలు కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

షుగర్ 70 కంటే తగ్గితే ఏం చేయాలి?

నీళ్ళలో మూడు చెంచాల గ్లూకోజు లేదా చక్కెర కలుపుకొని తాగి, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ తాగాలి. చాక్లెట్, పాలకోవా పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోస్, అకార్బోస్ వేసుకునేవారికి చక్కెర కూడా త్వరగా పనిచేయదు. వారు గ్లూకోజు పొడినే ఇంట్లో ఉంచుకోవాలి. 54 కంటే తగ్గితే ప్రమాదం. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. గ్లిమెపిరైడ్ వలన పడిపోయిన షుగర్ గంటల తరువాత మళ్ళీ పడిపోవచ్చు, కనుక ఆ రాత్రి ఒంటరిగా ఉండకూడదు.

రోజుకు ఎన్నిసార్లు వేలు గుచ్చుకోవాలి?

షుగర్ పడిపోయేలా చేసే మందులు వాడనివారికి మొదటి నెలలో రోజుకు రెండుసార్లు చాలు, కానీ తెలివిగా చూడాలి. ఒక పూట భోజనానికి ముందు, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు చూసి, రెండింటి తేడాను ఏం తిన్నారో దాని పక్కన రాసుకోండి. తేడా 40, 50 దాటితే ఆ కంచంలో ఏదో ఎక్కువైందన్న మాట. ఇడ్లీ పొద్దున, పెసరట్టు పొద్దున చూసి పోల్చుకుంటే ఏ వ్యాసమూ చెప్పలేనిది తెలుస్తుంది. చేతులు కడుక్కొని తుడుచుకొనే చూడాలి. మామిడిపండు తిన్న వేలితో చూసి 300 వచ్చిందని కంగారుపడినవారు ఉన్నారు. మీటరుకు, లేబ్‌కు 15 శాతం దాకా తేడా ఉండడం ప్రమాణాలు అనుమతించేదే, కనుక 128కి, 140కి మధ్య తేడా చూసి బాధపడవద్దు.

రాత్రి తక్కువే తిన్నాను, పరగడుపున మాత్రం ఎక్కువ ఉంటోంది. ఎందుకని?

తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి, శరీరాన్ని లేపడానికి కాలేయం గ్లూకోజు విడుదల చేస్తుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయనివారిలో అది అదుపు తప్పుతుంది. తిండి మార్చితే భోజనం తరువాతి అంకెలు వారాలలో దిగుతాయి, పరగడుపు అంకె చివర దిగుతుంది. రాత్రి భోజనం ఎనిమిది లోపు ముగించి పదిహేను నిమిషాలు నడవడం, సరిగా నిద్రపోవడం సాయపడతాయి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మీద ఉన్నవారు మాత్రం ఒక రాత్రి మూడు గంటలకు లేచి చూసుకోవాలి, రాత్రి షుగర్ పడిపోతున్నదేమో తెలుస్తుంది.

## నెలలు గడిచాక

హెచ్‌బీఏ1సీ 6కి దిగింది. షుగర్ పోయినట్టేనా?

మందులు మానేసిన తరువాత కనీసం మూడు నెలలపాటు 6.5 లోపు ఉంటే దానిని రెమిషన్ అంటారని 2021లో అంతర్జాతీయ నిపుణులు ఒక ఒప్పందానికి వచ్చారు. నయమైందని అనకపోవడానికి కారణం, పాత తిండితో అది తిరిగి రావడమే. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ అనే పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి: తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గించే పద్ధతిలో చేర్చినవారిలో 46 శాతం మందికి ఏడాది చివర రెమిషన్ వచ్చింది, 15 కిలోలు, అంతకు పైగా తగ్గినవారిలో 86 శాతం మందికి వచ్చింది. రెండవ ఏడాదికి మొత్తం మీద అది 36 శాతానికి దిగింది. జబ్బు కొత్తగా వచ్చినవారికే అవకాశం ఎక్కువ. పదిహేనేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్నవారు ఇటువంటి మాటలు విని ఇంజెక్షన్ ఆపకూడదు.

ఈ పరీక్ష కూడా అందరికీ ఒకేలా నిజం చెప్పదు. ఐరన్ లోపం ఉన్నవారిలో ఎక్కువ చూపించవచ్చు. మన్యంలో, ఆదిలాబాద్ వైపు కనిపించే సికిల్ సెల్ వంటి రక్త జబ్బులలో అంకెను నమ్మలేము.

కొలెస్ట్రాల్ పెరిగింది. ఆపేయాలా?

చాలామందిలో ట్రైగ్లిసరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు దిగి, మంచి కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కొందరిలో మాత్రం ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, దానిని తేలికగా తీసుకోకూడదు, ఎందుకంటే షుగర్ ఉన్నవారికి గుండె జబ్బే పెద్ద శత్రువు. పిండి లెక్క అలాగే ఉంచి, నెయ్యి, వెన్న, కొబ్బరి తగ్గించి పల్లీలు, చేపలు, పప్పులు పెంచి మూడు నెలలకు మళ్ళీ చూసుకోవాలి. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాస్తే వేసుకోవాలి.

సన్నగా ఉన్నాను, ఇంకా తగ్గిపోతున్నాను. ఏం చేయాలి?

అన్నం తగ్గించిన మేరకు ప్రొటీన్, కొవ్వు పెంచారో లేదో చూసుకోండి. అది సరిగా ఉండి కూడా తగ్గుతుంటే, ముఖ్యంగా షుగర్ 250 పైన ఉంటే, ఇన్సులిన్ అవసరమేమో డాక్టరుతో తేల్చుకోవాలి. దానిని తిండితో దాటవేయలేము.

పెళ్ళిళ్ళు, పండుగలు వస్తే ఎలా?

మోస్తరు బొబ్బట్టులో బెల్లంతో కలిపి 30 గ్రాములకు పైగా పిండి పదార్థం ఉంటుంది. పులిహోర, చక్కెర పొంగలి చెప్పనవసరం లేదు. పండుగ పూట ఒక బొబ్బట్టు తినాలనుకుంటే ఆ పూట అన్నం వదలడమే సరైన మారకం. పెళ్ళి బంతిలో ముందు కూరలు, వేపుళ్ళు, పెరుగు పచ్చడి తినేసి, చివర నచ్చిన ఒక్కదానికే చోటు ఇవ్వాలి. “ఒక్కరోజుకేం కాదు” అని వడ్డించేవారికి సమాధానం చెప్పడం కంటే విస్తరి మీద చేయి అడ్డం పెట్టడం తేలిక. చాలాకాలం తక్కువ తిన్న తరువాత ఒకరోజు ఎక్కువ తింటే అంకె మునుపటికంటే ఎక్కువగా ఎగరవచ్చు. మరునాటి నుంచి మామూలు కంచానికి వస్తే దిగిపోతుంది.

ఉపవాసాలు చేయవచ్చా?

షుగర్‌ను దించే మాత్రలు, ఇన్సులిన్ వాడనివారు ఏకాదశి, శనివారం ఉపవాసాలు చేయవచ్చు. చిక్కంతా ఫలహారంతోనే వస్తుంది: సగ్గుబియ్యం దాదాపు పూర్తిగా పిండే, అరటిపండ్లు, చిలగడదుంపలు దానికి తోడు. పాలు, పెరుగు, పల్లీలు, కీరదోసతో గడపడం నయం. రంజాన్ ఉపవాసం, అయ్యప్ప దీక్షలో ఏకభుక్తం ఒక్కరోజుతో ముగిసేవి కావు, కనుక మందుల వేళలు ముందుగానే డాక్టరుతో మార్పించుకోవాలి. ఇఫ్తార్‌లో ఖర్జూరం ఒకటి చాలు.

నా ఒక్కడి కోసం ఇంట్లో వేరే వంట చేయించాలా?

వద్దు, అది ఎక్కువ రోజులు సాగదు. అదే కూర, అదే పప్పు రెట్టింపు వండి, అన్నం ఎవరికి కావలసినంత వారు పెట్టుకుంటే సరిపోతుంది. తల్లిదండ్రులలో ఒకరికి షుగర్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎలాగూ ఎక్కువ కనుక కూర పెంచిన కంచం వారికీ మంచిదే. అయితే ఎదిగే పిల్లలకు, కష్టం చేసేవారికి అన్నం కోత పెట్టకూడదు. ముందు మార్చవలసింది వడ్డించే గరిటెను. అన్నానికి పెద్ద హస్తం, కూరకు చిన్న చెంచా వేసే ఇళ్ళలో వాటిని తారుమారు చేసి చూడండి.